పసుపు పెట్టిన నిచ్చెన

అక్టోబరు నెలలో ఒక శనివారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు నేను బూట్లు విప్పాను. మనం రోజూ చేసే పనే. గుమ్మం ముందు విప్పుతాం, గుడి ముందు విప్పుతాం, ఎవరింటికైనా భోజనానికి వెళ్తే గరాజ్‌లో వరసగా పేర్చిన జతల పక్కన మన జత విప్పుతాం. నేను మాత్రం అడవిలో, పదిహేనడుగుల ఇనుప నిచ్చెన ముందు విప్పాను. ఆ తర్వాత ముప్పావుగంటలో ఏం జరిగిందో చెప్తాను. నవ్వుకోవడానికి మొహమాటపడకండి. ఆ రోజు అక్కడున్న జింక కూడా పడలేదు.

ఇది పదకొండేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై ఒకటి. ఆర్కన్సాలో బెంటన్‌విల్ అనే ఊళ్లో ఒక పెద్ద కంపెనీకి కాంట్రాక్ట్ మీద ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఏ పనైనా చేసే ముందు దాని గురించి రెండు పుస్తకాలు చదవడం నా అలవాటు. చదివాక ఆ పని వచ్చేసిందనుకోవడం నా జబ్బు. వేట మీద నాలుగు పుస్తకాలు చదివాను. అంటే నా లెక్కలో రెండింతలు వేటగాణ్ణి.

నన్ను నిజంగా అడవికి తీసుకెళ్లింది భాస్కర్ అన్న. హన్మకొండ మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆఫీసులో మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టీమ్‌కి ఆయన లీడ్. తప్పు పట్టినప్పుడు గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "తమ్మీ, ఇది ఒకసారి చూస్తవా" అనేవాడు, అంతే. చూస్తే అక్కడ మన పరువు పోయి ఉండేది.

ఊరికి అరగంట దూరంలో డేల్ అనే ముసలి రైతు పొలంలో అన్న ఎనిమిదేళ్లుగా విల్లుతో జింకల వేటకి వెళ్తున్నాడు. గడ్డి మైదానం, దాని వెనక ఓక్ చెట్ల గుట్ట. డేల్ ఎవరినీ రానివ్వడు. అన్నకి మాత్రం ఒక షరతు మీద అనుమతి ఇచ్చాడు: "నా పొలంలో చెట్టు మీద నుంచి ఒక్కడు పడినా సరే, ఆ రోజుతో అందరూ బంద్." అన్నకి ఆ గుట్ట అంటే ఏమిటో నాకు తెలుసు. వారమంతా ఆయన మీటింగుల్లో ఇతరుల తప్పుల మధ్య బతికేవాడు. శనివారం అక్కడ చెట్టెక్కి కూర్చుని వస్తే ఆయన ముఖంలో ముడత ఒకటి విడిపోయేది. ఎనిమిదేళ్లలో ఎవరినీ వెంట తీసుకెళ్లనివాడు, మొదటిసారి నన్ను తీసుకెళ్లాడు. ఆయన చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

వేటగాడి స్టాండ్ అంటే చెట్టుకి ఆనించి కట్టే నిచ్చెన. పై కొసన ఒకడు కూర్చునేంత సీటు, కాళ్ల కింద జల్లెడలాంటి ఇనుప పలక. జింకలు సాధారణంగా తల ఎత్తి చూడవు గనక వేటగాడు పైన కూర్చుంటాడు. సెప్టెంబరులో నా కోసం ఒకటి కట్టడానికి వెళ్లినప్పుడు నేను నా పాండిత్యం విప్పాను.

"అన్నా, కొన్న స్టాండ్ ఎందుకు? నాలుగు చెక్కలు, గుప్పెడు మేకులు చాలు. మా తాత చేలో మంచె కట్టేవాడు. అది మా రక్తంలోనే ఉంది."

"మీ తాత మంచె మీదికెల్లి పడితే కింద జొన్నచేను ఉంటుండె. నువ్వు పడితే కింద ఏమున్నదో చూడు."

చూశాను. గుట్టంతా సున్నపురాళ్లు, కోళ్లగంపల సైజులో.

"ఇంకోటి. పాణమున్న చెట్టుకు మేకు కొడితే చెట్టు పెరుగుతది, మేకు వదులైతది. పోయినేడు మోసిన చెక్క ఈ యేడు మోస్తదని చెట్టు నీకు రాసిచ్చిందా?"

రాసివ్వలేదని ఒప్పుకున్నాను.

చెట్టు ఎంచుకోవడానికే ఆయనకి సగం రోజు పట్టింది. పుచ్చకాయ కొనేవాడిలా ఒక్కో మానునీ వేళ్లతో కొట్టి వినేవాడు. ఒకటి లోపల బోలు. ఒకటి బెరడు ఊడుతోంది. ఒకటి చూడ్డానికి బాగుంది గానీ దాని పక్క చెట్టు ఎండిపోయి దీని మీదికే వాలి ఉంది. చివరికి తిన్నగా, నా నడుమంత లావున్న తెల్ల ఓక్ దొరికింది. నిచ్చెన ఇద్దరం కలిసి లేపాం. మూడు చోట్ల పట్టీలు బిగించాం. అన్న ఒక్కో పట్టీకీ తన బరువంతా వేసి వేలాడి చూశాడు. గత ఏడాది వాడిన పట్టీలు సంచిలోంచి తీసి కత్తెరతో ముక్కలు చేశాడు.

"కొత్తవాటిలాగే ఉన్నాయి కదన్నా."

"ఎండకు పట్టీ పైకి మంచిగనే కనబడ్తది, లోపల సచ్చిపోతది. ఊకె పారేస్తే ఎవడన్న ఏరుకపోయి వాడుకుంటడు. అందుకే ముక్కలు."

ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చెత్తబుట్టలోంచి ఏరుకుని పడిపోతాడేమోనని ఆలోచించే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

తర్వాత నాకు హార్నెస్ తొడిగాడు. భుజాల మీదుగా, తొడల చుట్టూ వచ్చే పట్టీల చొక్కా అనుకోండి. వీపు దగ్గర నుంచి ఒక పట్టీ చెట్టుకి కట్టిన తాడుకి తగులుతుంది. నేల వదలకముందే తగిలించాలి, నేల తాకాకే విప్పాలి. పైన కూర్చున్నాక ఫోన్‌లో "ఓకే" అని మెసేజ్ పెట్టాలి, ఆ తర్వాత గంట గంటకీ ఒకటి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. ఎక్కాక తాడుతో లాక్కోవాలి. చివరగా మడతపెట్టిన ఒక నీలం పట్టీ నా జేబులో పెట్టాడు.

"ఇది కాలి పట్టీ. పడి ఏలాడినవనుకో, ఇది హార్నెస్‌కు తగిలించి లూపుల కాలు పెట్టి నిలవడాలె. లేకుంటె తొడలకాడ రక్తం ఆగిపోతది. ఎముక ఇరగకుంటనే పాణం పోతది."

"కాలి పట్టీలా? అవి ఆడవాళ్లు పెట్టుకుంటారు కదన్నా."

ఇది నేను వేసిన జోకు. ఆయన నవ్వలేదు. నేను ఇద్దరి వంతూ నవ్వాను.

ఇక ఆ శనివారం. దసరా దాటి వచ్చిన మొదటి శనివారం. నా భార్య సుజాత పొద్దున్నే పులిహోర కలిపింది, ఇంగువ ధారాళంగా వేసి.

"ఏవండీ, కారుకి పూజ చేశాం, లాప్‌టాప్‌కి కూడా బొట్టు పెట్టాం. పదిహేనడుగుల పైన కూర్చోబోతూ దానికి మాత్రం చెయ్యరా?"

"ఆయుధపూజ అంటే ఆయుధాలకి. అది నిచ్చెన."

"మిమ్మల్ని మోసేది అదే కదా. ఆయుధం మీకు వాడటం వచ్చి చావదు."

తర్కానికి తిరుగులేదు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అరటిపళ్లు, బెల్లంముక్క సంచిలో పెట్టుకున్నాను. అన్నకి చెప్పలేదు. పొలంలో దిగాక ఆయన స్టాండ్ మూడు వందల గజాల అవతల. నా స్టాండ్ దాకా వచ్చి ఎక్కించి వెళ్తానన్నాడు.

"నేను చూసుకుంటాలే అన్నా. నువ్వెళ్లు."

నేను చూసుకుంటాలే అన్నవాడు ఏమీ చూసుకోడు. ఇది సామెత కాదు గానీ అయి ఉండాల్సింది. అన్న ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు.

"హార్నెస్?"

"ఉంది."

"మెసేజ్?"

"పెడతా."

"పెట్టకుంటె నేనొస్త."

ఆయన చెట్ల మధ్య కనుమరుగయ్యాక నేను పూజకి కూర్చున్నాను. పసుపు తడిపి, గడపకి పూసినట్టు కింద నుంచి నాలుగు మెట్లకీ పూశాను, కుంకుమబొట్లు పెట్టాను. కొబ్బరికాయ సున్నపురాయి మీద కొడితే గుట్టంతా మోగింది. పళ్లూ బెల్లమూ చెట్టు మొదట్లో ఆకు మీద పెట్టాను. అంతా అయ్యాక ఎక్కబోతూ కాలెత్తి ఆగిపోయాను. పసుపు పెట్టిన మెట్టు మీద బూటుకాలు ఎలా పెడతాం? చిన్నప్పటి నుంచి గడప తొక్కితేనే వీపు మీద పడేది. అందుకని విప్పాను. రెండూ పక్కపక్కన, తిన్నగా. దైవకార్యంలో ఫోన్ మోగకూడదు గనక సైలెంట్‌లో పెట్టి బూటులో దాచాను. గుడికి వెళ్లినప్పుడు చేసేది అదే.

హార్నెస్ పట్టీ క్లిప్ చెట్టు తాడుకి తగిలించుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. ఉన్ని సాక్సులతో ఎక్కి కూర్చున్నాను. విల్లు తాడుతో లాక్కుని కొక్కేనికి తగిలించాను. పులిహోర డబ్బా పెట్టుకోవడానికి చోటు లేదు. జేబులో నీలం పట్టీ తగిలింది. దానితో డబ్బాని సీటు కమ్మీకి కట్టేసి, మనిషన్నాక ఎంత సమయస్ఫూర్తి ఉండాలో అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్ కింద ఉంది. దిగి మళ్లీ ఎక్కడం ఎందుకులే అనుకున్నాను.

జింకలు సాయంత్రం వస్తాయని నా నాలుగు పుస్తకాలూ రాశాయి. ఆ జింక చదవలేదు. మూడు గంటలకల్లా పొదల్లోంచి వచ్చింది. నేరుగా చెట్టు మొదట్లోకి వచ్చి బెల్లం నాకడం మొదలుపెట్టింది. నాకు నిలువునా కింద. కనిపించేది చెవులు మాత్రమే. కూర్చుంటే బాణం వెయ్యలేను. లేచి నిలబడ్డాను. తడి ఆకులు రాలి ఉన్న ఇనుప పలక, దాని మీద ఉన్ని సాక్సులు. చపాతీపిండి మీద నూనె పోసినట్టు జారాను.

పడటం గురించి రాయడానికి ఏమీ లేదు, చాలా తక్కువసేపే పడతాం. పట్టీ గుంజింది. కళ్లు తెరిచేసరికి నిచ్చెన పక్కన గాలిలో ఉన్నాను, వీపు చెట్టు వైపు, ముఖం లోకం వైపు. నిచ్చెన మెట్టు నా కాలికి జానెడు దూరం. కాలు చాపితే తగులుతుంది, తగిలితే సాక్సు జారుతుంది. నీలం పట్టీ నెత్తి మీద పులిహోరని క్షేమంగా కాపాడుతోంది. జింక నాలుగడుగులు వెనక్కి వేసి, నన్ను చూసి, ప్రమాదం లేదని నిర్ధారించుకుని, తిరిగొచ్చి అరటిపండు అందుకుంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారు. ఇక్కడ కొబ్బరికాయ కింద ఉంది, కోతి పైన వేలాడుతోంది.

మొదటి రెండు నిమిషాలు సిగ్గేసింది. తర్వాతి రెండు నిమిషాలు తొడలు నొప్పెట్టాయి. ఆ తర్వాత పాదాలు నావి కానట్టు అయ్యాయి. అప్పుడు మాత్రం ఆయన చెప్పిన మాట పూర్తిగా వినపడింది: ఎముక ఇరగకుంటనే. అన్నా అని అరిచాను. జింక వెళ్లిపోయింది. గంట గంటకీ మెసేజ్ కదా, నాలుగింటికి గానీ ఆయన రాడు అనుకున్నాను. ఎక్కగానే ఒకటి పెట్టాలన్నది మర్చిపోయాను.

ఆయన మర్చిపోలేదు. మూడింటికి మెసేజ్ రాలేదని తన స్టాండ్ దిగడం మొదలుపెట్టాడట. నేను పడింది మూడూ ఐదుకి. అంటే నేను పడకముందే ఆయన బయల్దేరాడు.

"ప్రసాదూ, మాట్లాడు." పరుగులో గొంతు.

"అన్నా, కాళ్లు తెలియట్లేదన్నా."

"సైకిల్ తొక్కినట్టు తొక్కు. ఆపకు. కాలి పట్టీ ఏది?"

"పులిహోరకి కట్టానన్నా."

"బూట్లేవి?"

"విప్పాను. మెట్లకి పసుపు పెట్టాను కదా, బూట్లతో ఎలా..."

ఆయన తన నడుం పట్టీ విప్పి మాను చుట్టూ తిప్పుతున్నాడు, క్లిప్ సరిచూసుకుంటున్నాడు, లాగి చూస్తున్నాడు.

"అన్నా, తొందరగా ఎక్కన్నా. అదంతా తర్వాత."

"ఫస్టు నేను కట్టుకోవాలె. ఇద్దరం పడితే సుజాతకు ఎవడు చెప్తడు? నువ్వు తొక్కు."

ఒక్కో మెట్టుకీ పట్టీ పైకి జరుపుకుంటూ ఎక్కాడు. ఒక్క మెట్టూ దాటెయ్యలేదు. తన జేబులోని కాలి పట్టీ తీసి నా హార్నెస్‌కి తగిలించి, లూపు వెడల్పు చేసి, నా కుడిపాదం రెండు చేతులతో పట్టుకుని అందులో పెట్టాడు. నేను దాని మీద నిలబడ్డాను. తొడల్లోంచి రక్తం కిందికి దిగుతుంటే వచ్చిన సుఖాన్ని, నొప్పిని ఇక్కడ వర్ణించను.

సరిగ్గా ఆ సమయానికి కేకలు విని డేల్ ట్రక్కులో వచ్చాడు. దిగి చూశాడు. ఆయన చూసింది ఏమిటో ఆయన వైపు నుంచి చూడండి. పసుపు మెట్లు, ఎర్రబొట్లు, రెండు చెక్కలైన కొబ్బరికాయ, సగం తిన్న అరటిపళ్లు, పక్కపక్కన శ్రద్ధగా విప్పిన బూట్లు. చెట్టు మీద ఒకడు గాలిలో నిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇంకొకడు భక్తితో వాడి పాదం పట్టుకుని ఉన్నాడు.

డేల్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు.

"నేను మధ్యలో వచ్చానా?" అన్నాడు మెల్లిగా.

"రెండు నిమిషాలు, సర్," అన్నాడు అన్న, పాదం వదలకుండా.

నేను దిగి నేల మీద కూలబడేదాకా డేల్ అలాగే నిలబడ్డాడు. తర్వాత టోపీ పెట్టుకుని, "చూడనిచ్చినందుకు థాంక్స్," అని వెళ్లిపోయాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నా, బతికిపోయాం. పూజ అనుకున్నాడు. పడ్డానని తెలియలేదు."

అన్న మిగిలిన అరటిపళ్లు ఏరి సంచిలో వేస్తున్నాడు. "తిండి పెట్టి సంపుడు నాతోని కాదు. ఇంకోసారి గిట్ల పెట్టకు," అన్నాడు. తర్వాత నా బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. "తొడుక్కో. డేల్ ఇంటికి పోదాం."

"ఎందుకు? చెప్తే ఎనిమిదేళ్ల చోటు పోతుంది. చెప్పకపోతే ఏం?"

"భూమి ఆయనది, చెట్టు ఆయనది. షరతుకు ఒప్పుకున్న మాట ఒక్కటే నాది."

దారంతా కారులో ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కిటికీలోంచి గుట్ట వెనక్కి పోతుంటే దాన్ని చూస్తున్నాడు, లెక్క అప్పజెప్పే ముందు ఒకసారి సరిచూసుకున్నట్టు.

డేల్ వరండాలో ఉన్నాడు. అన్న నిలబడే చెప్పాడు. "అది పూజ కాదు, సర్. పూజ ముందు అయిపోయింది. మీరు చూసింది మా వాడు పడ్డ తర్వాత. ఇతన్ని తీసుకొచ్చింది నేను. తప్పు నాది. స్టాండ్లు రేపు తీసేస్తాం."

డేల్ నా సాక్సు చిరుగునే చూశాడు. తొందరలో ఒక బూటే తొడుక్కున్నానని అప్పుడు తెలిసింది.

"డెబ్భై ఏళ్లుగా చర్చికి వెళ్తున్నాను," అన్నాడు. "ప్రార్థించేవాడికీ ప్రాణం కోసం బతిమాలేవాడికీ తేడా నాకు తెలుసు. పట్టీ ఆగిందా?"

"ఆగింది."

"ఇతను నేలని తాకాడా?"

"లేదు."

"మా తమ్ముడు తాకాడు. మేకులు కొట్టిన చెక్క మీద నుంచి. పంతొమ్మిదేళ్లు వాడికి. షరతు అందుకు పెట్టాను." అన్న వైపు తిరిగాడు. "నేలని తాకితేనే పడ్డట్టు. కాకపోతే ఇంకో షరతు. ఏటా సీజన్‌కి ముందు ఆ తంతు మళ్లీ చెయ్యాలి, నేలకి అడుగు ఎత్తులో, నా ముందు. వేలాడినవాడు తనంతట తాను పట్టీలో కాలు పెట్టి నిచ్చెన మీదికి రావాలి. రాలేనివాడు ఇంటికెళ్లాలి. టోపీ నేను తీస్తాను."

అలా మొదలైంది. ఏటా అక్టోబరులో డేల్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకునేవాడు. మేం ఒక్కొక్కరం కొమ్మకి వేలాడి, కాలు పట్టీలో పెట్టి, నిచ్చెన అందుకునేవాళ్లం. ఊళ్లో తెలుగువాళ్లు ఇంకో ముగ్గురు చేరారు. వాళ్ల పిల్లలు దీన్ని వేలాడే పండగ అనేవారు, నన్ను సాక్స్ అంకుల్ అనేవారు. సుజాత మాట ప్రకారం పసుపు ఉండేది, కానీ మాను మీద, మెట్ల మీద కాదు. అన్న అందరికంటే ముందు వేలాడేవాడు. ఇన్నేళ్లుగా చేస్తున్నవాడికి పరీక్ష ఎందుకని ఎవరైనా అడిగితే, "నాకు తెలుసనుకున్న దినమే పడేది," అనేవాడు. పదేళ్లలో ఆ గుట్ట మీద నేలని తాకినవాడు లేడు.

అన్న మొన్న ఫిబ్రవరిలో పోయాడు. చెట్టు మీద నుంచి కాదు. రెండు పక్కలా కమ్మీలు లేపిన ఆస్పత్రి మంచం మీద, గుండె ఆగి.

ఇన్నాళ్లకి ఇదంతా రాస్తూ పాఠకుల ఎదుట ఒక ప్రమాణం చేస్తున్నాను. పసుపు పూసిన నిచ్చెన ఎక్కను, ఎక్కే నిచ్చెనకి పసుపు పూయను. కాలి పట్టీతో పులిహోర కట్టను. నాలుగు పుస్తకాలు చదివి నన్ను నేను నమ్మను. ఐదో పుస్తకం చదివినా నమ్మను.

ఈ అక్టోబరులో డేల్, నేను కలిసి స్టాండ్లు దించేశాం. ఎక్కేముందు క్లిప్ పెట్టుకున్నాను, ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. పట్టీలన్నీ కత్తెరతో ముక్కలు చేశాను. మళ్లీ ఎప్పుడు కడదామని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఆ గుట్ట మీద ఇప్పుడు ఎవరూ చెట్టెక్కడం లేదు.